షేర్వాణీ జేబులో నవల

రెజిమెంటల్ బజార్‌లో కాంతమణి టీచరమ్మకు రెండు విషయాల్లో పేరుంది. ఒకటి ముక్కు మీద కోపం, రెండోది హత్యల పుస్తకాల పిచ్చి. మిషను బడిలో మూడో తరగతి ఆడపిల్లలకు ఎక్కాలు వల్లె వేయించి నాలుగింటికి ఇల్లు చేరేది. కాళ్లు కడుక్కుని, అత్తగారికీ తనకూ టీ పెట్టుకుని, అరుగు మీది పేము కుర్చీలో కూర్చుందంటే ఇక ఎక్కడో ఒక దొర కత్తిపోటు తిని బోర్లా పడి ఉండాల్సిందే. ఆ హంతకుడు దొరికేదాకా కూరలమ్మి గుమ్మం ముందు నిలబడి మూడుసార్లు కేకేసినా ఆమెకు వినబడేది కాదు.

పుస్తకాలు జకర్యా దుకాణంలోవి. తెల్ల పల్టన్లు సీమకు పోతూ పోతూ బ్యారకుల్లో వదిలేసిన ఇంగ్లీషు నవలలను అతను తూకానికి కొని అద్దెకిచ్చేవాడు. బెజవాడ నుంచీ మద్రాసు నుంచీ తెలుగు డిటెక్టివ్ నవలలు కూడా తెప్పించేవాడు. వాటి అట్టల మీద పిస్తోలు పట్టుకున్న మనిషీ, అరుస్తున్న ఆడమనిషీ తప్పనిసరి. ఆ అరుస్తున్న మనిషి కథలో ఎక్కడా ఉండదని కాంతమణి ఫిర్యాదు.

చదివిన ప్రతి పుస్తకం గురించీ ఒక నోటుబుక్కులో నాలుగు మాటలు రాసుకోవడం ఆమెకు అలవాటు. ఎవరికీ చూపించేది కాదు. చూపిస్తే రచయితలకు నిద్ర పట్టేది కాదు. పందొమ్మిదివందల యాభై రెండో సంవత్సరం మొదట్లో ఒక ఇంగ్లీషు నవల గురించి ఇలా రాసింది: "ఇందులో ఇన్‌స్పెక్టరు దొర పదిహేను సార్లు టీ తాగాడు. ఆ ఇంట్లో కప్పులు కడిగేదెవరని ఒక్కసారీ అడగలేదు. కడిగిన మనిషే విషం పెట్టింది. నాకు నలభయ్యో పేజీలో తెలిసింది, ఆయనకు రెండువందల పదో పేజీలో తెలిసింది. వంటింట్లో అడుగు పెట్టని మగవాళ్లు విషం కథలు రాయకూడదు."

బెజవాడ నవల మీద కోపం ఇంకా ఎక్కువ. "ఈ డిటెక్టివ్ కదిలే రైలు మీంచి రెండుసార్లు దూకాడు. బుర్రకు మాత్రం ఏ పనీ పెట్టలేదు. చివరికి హంతకుడే వచ్చి అంతా చెప్పేశాడు. ఈ మాత్రానికి ఇంత పుస్తకమెందుకు, పోస్టుకార్డు చాలదూ?"

మరో నవలలో భర్తను చంపింది అతన్ని ప్రాణంలా చూసుకున్న భార్యే అని తేలింది. దాని కింద కాంతమణి రెండే మాటలు రాసి గట్టిగా గీత కొట్టింది: "నమ్మను. రచయిత బద్ధకం."

అత్తగారు దేవకృపమ్మకు ఈ చదువంటే ఒళ్లు మంట. ఆమె పుట్టింది తెనాలిలో. పెళ్లయి సికింద్రాబాదు వచ్చి ముప్పయ్యయిదేళ్లయినా మాట మారలేదు. కాంతమణి ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఒకే వంటింట్లో రెండు తెలుగులు పోట్లాడుకునేవి.

"నాలుగు పాటలు పాడుకుని, ప్రార్థన చేసుకునే వేళప్పుడు ఆ నెత్తుటి పుస్తకాలేమిటే కాంతం? కడుపులో తిప్పదూ?"

"గీ పుస్తకాల్ల ఒక మనిషి కనబడకపోతే ఎవలో ఒకలు వచ్చి అడుగుతరు అత్తయ్యా. ఎక్కడికి పోయిండు, ఎవలు జూసిన్రు, ఏం బట్టలేస్కున్నడు అని అడుగుతరు. అందుకే చదువుత."

ఆ మాటకు దేవకృపమ్మ చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుని లోపలికి పోయేది. ఎందుకంటే కనబడకుండా పోయిన మనిషి ఆమె ఒక్కగానొక్క కొడుకు, కాంతమణి మొగుడు యెషయా. అతని గురించి ఎవరూ వచ్చి అడగలేదు.

యెషయా నైజాం సర్కారు దఫ్తర్లో గుమాస్తా. సన్నగా, పొడుగ్గా, గాలి గట్టిగా వీస్తే ఒరిగేలా ఉండేవాడు. ఉర్దూ దస్తూరీ ముత్యాల్లా ఉండేది. అతనిదీ హత్యల పిచ్చే. అసలు కాంతమణికి అంటించిందే అతను. పెళ్లయిన కొత్తలో సినిమాకు తీసుకుపోతాడనుకుంటే జకర్యా దుకాణానికి తీసుకుపోయాడు. ఒక నవల చేతిలో పెట్టి, "ఇది చదివి హంతకుడెవలో చెప్పు, అప్పుడు సినిమా" అన్నాడు. ఆమె మర్నాడు పొద్దుటికల్లా చెప్పేసింది. అతను తెల్లబోయి మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఇంట్లోకి వచ్చే పుస్తకం ఒకటే కనుక వంతులేసుకునేవాళ్లు. పగలంతా ఆమెది, దఫ్తరు నుంచి వచ్చాక అతనిది. పుస్తకం పడితే అతనికి ఒళ్లు తెలిసేది కాదు. కంచం ముందు పెట్టినా చెయ్యి పెట్టేవాడు కాదు. అరిచి అరిచి విసిగిపోయిన కాంతమణి ఒక ఉపాయం కనిపెట్టింది. తాను చదివేటప్పుడే కథ మంచి పట్టులో ఉన్న చోట, పేజీ అంచున పెన్సిలుతో ఒక మాట రాసి పెట్టేది. "దీపంల నూనె అయిపోయింది, పొయ్యుండ్రి" అని ఒకచోట. "ఈ పనిమనిషిని అనుమానించకుండ్రి, పాపం" అని ఒకచోట. అతను అక్కడికొచ్చి ఉలిక్కిపడి, పకపకా నవ్వి, దాని కిందే జవాబు రాసేవాడు. పక్కగదిలో ఉన్న మనిషితో నోటితో చెప్పొచ్చు కదా అంటే వినడు. రాతకు రాతే మర్యాద అనేవాడు.

జకర్యా లబోదిబోమనేవాడు. "టీచరమ్మా, నా బుక్కులన్నిట్ల మీ సంసారమే ఉన్నది. తీస్కపోయినోళ్ళు హత్య ఇడిసిపెట్టి మీ ముచ్చట్లే సదువుతుండ్రు!"

నలభై ఎనిమిది ఆగస్టు ఆఖర్లో దఫ్తరు వాళ్లు యెషయాను బీదర్ దిక్కు ఒక తాలూకా కచేరీకి పొమ్మన్నారు. పాత కాగితాలకు నకళ్లు రాయాలి, పది రోజుల పని. రోజులు బాగా లేవు. రైళ్లలో రజాకార్లు ఎక్కుతున్నారు, పెట్టెలు వెతుకుతున్నారు, నచ్చనివాణ్ణి దింపేస్తున్నారు. సగం బజారు బెజవాడకో షోలాపూరుకో తరలిపోయింది. కాంతమణికి కంటి మీద కునుకు లేదు.

యెషయా ప్రయాణానికి గోధుమరంగు కోటు తీశాడు. ఆదివారం గుడికి వేసుకునే కోటది. ఆమె దాన్ని లాక్కుని పెట్టెలో పడేసింది. దఫ్తరుకు వేసుకుపోయే షేర్వాణీ తెచ్చింది.

"ఇది తొడుక్కోండ్రి. టోపీ పెట్టుకోండ్రి. ఉర్దూల మాట్లాడుండ్రి. ఎవడు ఆపడు."

"ఎండల షేర్వాణీ ఏందే? ఉడికి చస్త."

"ఉడికితె ఏం కాదు. పానం ముఖ్యం."

అతను చేతులు చాపి నిలబడ్డాడు. కింది నుంచి మెడ దాకా గుండీలన్నీ ఆమే పెట్టింది. జేబులో దారికని ఒక ఇంగ్లీషు నవల పెట్టింది. అది తాను అప్పటికే చదివి, తన మాట రాసిపెట్టిన పుస్తకమే. అతను వీధి మలుపు తిరుగుతూ టోపీ సర్దుకుని, పెద్ద నవాబులా ఒక సలాము కొట్టి నవ్వాడు. అత్తా కోడళ్లిద్దరూ నవ్వారు. అంత బెంగలోనూ నవ్వొచ్చింది.

పది రోజుల్లో ఆ పని కాలేదు. సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు వచ్చాయి. రైళ్లు ఆగిపోయాయి. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది, రజాకార్లు లేరన్నారు, బజారులో మిఠాయి పంచారు. కాంతమణి కూడా ఒక లడ్డు తెచ్చి యెషయా కోసం గూట్లో పెట్టింది. రైళ్లు మళ్లీ నడిచాయి. అతను రాలేదు. కచేరీని అడిగితే రైళ్లు మొదలైన రోజే బయల్దేరి పోయాడన్నారు. రైలు వాళ్లను అడిగితే అటువంటి మనిషిని చూడలేదన్నారు. దఫ్తరులో పాత అధికారులు పోయి కొత్తవాళ్లు వచ్చారు. పోలీసు ఠాణాలో ఆమె చెప్పింది రాసుకుని, కబురు చేస్తామన్నారు.

మూడున్నరేళ్లు గడిచాయి. కాంతమణి తెల్లచీర కట్టలేదు, గాజులు తీయలేదు. ఎవరైనా సానుభూతి చూపితే మీద పడి కరిచేది. కానీ మనసులో ఒకటే కోరిక, అదీ రోజు రోజుకూ చిన్నదైపోయింది. మొదటి ఏడు, అతను వస్తే చాలనుకుంది. రెండో ఏడు, ఎక్కడో బతికుంటే చాలనుకుంది. ఇప్పుడు, ఏమైందో తెలిస్తే చాలు దేవుడా అంటోంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ వీధి మలుపు వైపు చూడకుండా ఉండలేదు. చూసి, తన మీద తనే కోప్పడేది. పుస్తకాల్లో రాతలు మాత్రం మానేసింది. జవాబు రాసే మనిషి లేకుండా రాయడం ఆమెకు చేతకాలేదు.

జకర్యా దుకాణంలో నిజం కేసుల పుస్తకాలు వేరే అరలో ఉండేవి. కాంతమణి ఆ అర జోలికి పోయేది కాదు. కల్పితమైతే చివరి పేజీలో అన్నీ తేలతాయి, నిజానికి ఆ పూచీ లేదు కదా. ఆ ఎండాకాలం సెలవులకు ముందు నవలలన్నీ అయిపోయి, దుకాణంలో ఒట్టి చేతులతో నిలబడితే జకర్యా ఒక సన్నటి పుస్తకం తీసి దుమ్ము దులిపాడు. "నేను పట్టిన కేసులు, పట్టని కేసులు" అని అట్ట మీద ఉంది. రాసిందీ అచ్చేసుకున్నదీ ఒక రిటైరు పోలీసు అమీను, మధుసూదన్ గారు, బన్సీలాల్‌పేట్.

"పట్టని కేసులు సుత రాసుకున్నడా? ఎంత మంచి మనిషి!" అని నవ్వి తీసుకుపోయింది.

పట్టిన కేసులు పదకొండు. చదువుతూ నోటుబుక్కులో రాసుకుంది: "అమీన్ సాబుకు తన మీసం మీద చాలా ప్రేమ. ప్రతి కేసులోనూ ఒకసారి దువ్వాడు. కానీ నిజం హంతకులు ఎంత తెలివితక్కువవాళ్లు! గట్టు మీది తుమ్మచెట్టు కోసం అన్నను చంపిన తమ్ముడు, మర్నాడు ఆ అన్న చెప్పులే వేసుకుని సంతకు పోయాడు. నవలలో ఇట్లా రాస్తే నేను పుస్తకం విసిరేసేదాన్ని. ఇక్కడ విసరలేకపోయాను. ఆ తమ్ముడు చెప్పులెందుకు వేసుకున్నావంటే 'అన్నవి కదా' అన్నాడట. ఆ మాట దగ్గర చాలాసేపు కూర్చున్నాను."

తర్వాత పట్టని కేసులు. వాటిలో నాలుగోది ఒకటిన్నర పేజీ. పోలీసు యాక్షన్ అయిన మరుసటి వారాల్లో నాగులకుంట అనే చిన్న స్టేషను ఊళ్లో జరిగింది. రజాకార్ల మీది కసి షేర్వాణీ తొడిగిన ప్రతివాడి మీదికీ మళ్లిన రోజులవి. ఎక్కడివాళ్లో ఒక గుంపు వచ్చి ఏడుగురిని చంపి పోయారని, తాను అక్టోబరులో పోయేటప్పటికే ఖననాలైపోయాయని అమీన్ రాశాడు. ఆరుగురు ఊరివాళ్లు. ఏడో మనిషి పరాయివాడు. ముప్పయ్యేళ్లుంటాయి, సన్నటి మనిషి, షేర్వాణీ, రూమీ టోపీ, దఫ్తరు ఉద్యోగి కావచ్చు. వారసులెవరూ రాలేదు.

ఆ కింద ఈ వాక్యాలున్నాయి: "ఆ ముస్లిం మనిషి జేబులో ఒక ఇంగ్లీషు నవల ఉండగా, దాన్ని ఊరి పటేలు దాచి ఉంచి మాకు అప్పగించెను. నూట పన్నెండో పేజీ అంచున పెన్సిలుతో తెలుగులో 'ఇక్కడి దాకా వచ్చిన్రా? లేచి అన్నం తినుండ్రి' అని ఆడవారి దస్తూరీ. దాని కింద వేరే దస్తూరీలో 'తిన్న. నువ్వు తిన్నవా?' అని జవాబు. పాత పుస్తకాల దుకాణంలో కొన్నది కావచ్చును. కేసుకు పనికివచ్చే ఆధారము కాదు."

కాంతమణి కుర్చీలోంచి లేవలేదు. టీ చల్లారిపోయింది. ఆ జవాబు మీద వేలు పెట్టుకుని కూర్చుంది. మూడున్నరేళ్ల కింద ఎక్కడో రైల్లోనో, కచేరీ వరండాలోనో కూర్చుని అతను రాసిన జవాబు, ఎవరో అమీన్ పుస్తకంలో అచ్చయి, జకర్యా దుకాణం మీదుగా ఆమెకు చేరింది. అతను పోయాడన్న దుఃఖం కన్నా ముందు, అతను తన రాత చదివాడన్న సంతోషం వచ్చింది. ఆ సంతోషానికి ఆమెకే సిగ్గేసింది. తర్వాత ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే పుస్తకం చంకన పెట్టుకుని బన్సీలాల్‌పేట్ పోయింది. చిరునామా పుస్తకం చివరే ఉంది. అమీన్ సాబు లుంగీ కట్టుకుని వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. కళ్లకు శుక్లాలొచ్చాయి. మీసం మాత్రం రాసినట్టే ఉంది. తన పుస్తకం చదివిన మనిషి వెతుక్కుంటూ వచ్చిందంటే ఆయన ఆనందానికి హద్దుల్లేవు.

"సదివిండ్రా? రండ్రమ్మా, కూసోండ్రి! చెప్పుల కేసు సదివిండ్రా? అందరికి గదే నచ్చింది."

"పట్టని కేసుల్ల నాలుగోది చదివిన అమీన్ సాబ్. ఆ పెన్సిల్ రాత నాది. కింద రాసిన మనిషి నా భర్త. మేం క్రిస్టియన్లం."

ఆయన చెయ్యి మీసం మీదనే ఆగిపోయింది. "షేర్వాణీ ఉండె గదమ్మా" అన్నాడు. "టోపీ ఉండె. ఊరోళ్ళు సాయబన్నరు, సాయబుల గోరీల గడ్డల్నే పెట్టిన్రు. నేను గట్లనే రాసిన."

కాంతమణికి కోపం కట్టలు తెంచుకుంది. "బీడీ ముక్క జూసి దొంగను పట్టిన్రు మీరు. కాళ్ళ చెప్పులు జూసి తమ్ముణ్ణి పట్టిన్రు. ఇద్దరు మనుషులు అన్నం తిన్నవా అంటె తిన్నవా అని ఒకలనొకలు అడిగిన రాత కండ్ల ముంగట పెట్టుకొని, వీళ్ళెవలని ఒక్కపారన్న అడగబుద్ధి కాలేదా? నేను మూడున్నరేండ్ల సంది ఈ సికింద్రాబాదులనే ఉన్న కద!"

ముసలాయన తల వంచుకున్నాడు. "ముప్పయ్యేండ్లు నౌకరీ చేసిన బిడ్డా. బట్టలు జూసే మనిషి ఎవలో చెప్పేది. ధోతి కట్టు జూసి కులం చెప్పేది, తలపాగ జూసి ఊరు చెప్పేది. గదే మా పని. బట్ట అబద్ధం చెప్తదని ఎన్నడు అనుకోలె."

ఆ నవల ఎక్కడుందని అడిగితే, కేసు సామాను దాచే మాల్‌ఖానాలో పెట్టామని, తర్వాత ఠాణాలే మారిపోయాయని, ఉందో చెదలు తిన్నదో తెలియదని చెప్పాడు. నాగులకుంటలో ఆ ఏడుగురిని పూడ్చింది మదార్ సాబ్ అనే మనిషని మాత్రం గుర్తు చేసుకుని చెప్పాడు. ఆమె లేచి వస్తుంటే వెనక నుంచి, "మాఫ్ చెయ్ బిడ్డా" అన్నాడు.

కోపం బన్సీలాల్‌పేట్ దాటేదాకా నడిపించింది. ఆ తర్వాత చల్లారింది. చల్లారాక ఆయన మాటే చెవిలో మిగిలింది. బట్ట అబద్ధం చెప్పింది, నిజమే. బట్టకు ఆ అబద్ధం నేర్పిందెవరు? నడిరోడ్డు మీద, ఎండలో, ఆమె నిలబడిపోయింది. వెనక టాంగావాడు తిడుతున్నా పక్కకు జరగలేదు.

ఇంటికొచ్చి నోటుబుక్కు తీసింది. "ఈ పుస్తకంలో ఏడుగురిని చంపిందెవరో లేదు. గుంపు అన్నాడు. గుంపుకు పేరుండదు, చెప్పులుండవు. నేను ఎన్ని పుస్తకాల్లో హంతకుణ్ణి ముందే పట్టాను! ఎన్నిసార్లు నవ్వాను! ఆయన కోటు తీసుకుంటే నేను లాక్కున్నాను. కింది గుండీ నుంచి పై గుండీ దాకా నేనే పెట్టాను. ప్రాణంలా చూసుకున్న భార్యే అని ఒక నవలలో రాస్తే బద్ధకం అన్నాను. ఆ రచయితను ఏమీ అనకుండా ఉండాల్సింది." అంతవరకు రాసి పెన్సిలు పక్కన పెట్టింది.

అత్తగారికి చెప్పక తప్పలేదు. ఆ ఒకటిన్నర పేజీ చదివి వినిపించింది. షేర్వాణీ సంగతి తన నోటితో చెప్పింది. దేవకృపమ్మ కందిపప్పులో రాళ్లు ఏరుతూ విన్నది. చెయ్యి ఆగలేదు.

"నాగులకుంట వెళ్తావా?"

"రేపు పొద్దుగాల బండికి పోత అత్తయ్యా."

"వెళ్లిరా. వాడు కాకపోతే వచ్చీరాగానే చెప్పు, నిద్రపోతున్నా లేపు. వాడే అయితే నాకు చెప్పకు కాంతం. నేను రోజూ వాడి కోసం ప్రార్థన చేసుకుంటున్నాను. అది ఆపమనకు." చేట తీసుకుని పెరట్లోకి పోయింది. అక్కడ చాలాసేపు ఏడుస్తున్నట్టు తెలుస్తూనే ఉంది, కోడలు అటు పోలేదు.

రైల్లో మూడు గంటలు. కిటికీ పక్కన కూర్చుని కాంతమణి భర్తకు చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంది. పెద్దగా ఏమీ లేవు. నేనే తొడిగిన, నన్ను మన్నించుండ్రి, అంతే. ఆ మట్టి మీద చెయ్యి వేసి ఆ ఒక్క మాట చెప్పుకుంటే చాలు, ఇక ఏదీ అడగనని దేవునితో బేరం పెట్టుకుంది.

మదార్ సాబ్‌కు డెబ్బయ్యేళ్లుంటాయి. ఆమె ఎవరో ఎందుకొచ్చిందో విని, స్టేషను వెనక సీతాఫలం పొదల మధ్య ఉన్న గోరీల గడ్డకు అతనే తీసుకుపోయాడు. గుంపు వచ్చిన రోజు అతను కల్లు గీసే ఒక గౌండ్లాయన ఇంటి అటక మీద దాక్కుని బతికాడట.

"మీ ఆయన్ను జూసినమ్మా. టేషన్ల బండి కోసం కూసున్నడు, బుక్కు సదువుకుంట. నీళ్ళిచ్చిన. షుక్రియా అన్నడు. ఉర్దూల మంచిగ మాట్లాడిండు. యాడికి అంటె ఇంటికి అన్నడు. మొగం ఎలిగిపోతుండె. మనోడే అనుకున్న నేను సుత."

"ఏది, ఆయనది?"

ఎదురుగా ఏడు మట్టి దిబ్బలున్నాయి. వానలకు అరిగిపోయి, గడ్డి మొలిచి, ఏడూ ఒక్కలాగే ఉన్నాయి.

"నేనొక్కణ్ణే తవ్విన బిడ్డా. ఒక్క పొద్దుల ఏడుగురిని. భయానికి మొగాలు సుత సరిగ జూడలె. ఎవలు ఏ తావున ఉన్నరో నాకు యాద్ లేదు. ఇదే అని ఒకటి చూపెడితె నీ పానం నెమ్మదైతది, ఎరుకే. అబద్ధం చెప్పలేను."

కాంతమణి కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక్క మట్టి, ఒక్క మాట అనుకుని వచ్చింది, అదీ దక్కలేదు. ఆ ముసలాయన మీద అరవాలనిపించింది. అరవడానికి అతను చేసిన తప్పేమీ కనబడలేదు. కాసేపటికి పోయి మొదటి దిబ్బ పక్కన కూర్చుంది. దాని మీద చెయ్యి వేసి, "నేనే తొడిగిన. మన్నించుండ్రి" అన్నది. రెండోదాని దగ్గరికి పోయి అదే మాట అన్నది. మూడోదాని మీద చెయ్యి వేయబోయి ఆగింది. ఇది ఆయన కాకపోవచ్చు. ఇతనెవరో, ఇతనికీ ఆ పొద్దున ఎవరో షేర్వాణీ తొడిగి ఉంటారు. అయినా లేచిపోలేదు. అదే మాట చెప్పింది. ఏడింటి దగ్గరా కూర్చుంది, ఏడుసార్లూ చెప్పింది, ఏ ఒక్కరికీ తక్కువ చేయలేదు. పూర్తయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

మదార్ సాబ్ దూరంగా చెట్టు నీడన కూర్చుని ఉన్నాడు. ఆమె వచ్చాక లేచి నిలబడ్డాడు.

"ఈళ్ళ పెండ్లాం పిల్లలు లేరా తాతా? ఎవలు రారా?"

"షహర్‌కు పోయిన్రు, యాడికో పోయిన్రు. మల్ల రాలె. నేనొక్కణ్ణే వచ్చి దువా చేస్త. నా తర్వాత ఎవలు లేరు." మళ్లీ అతనే అడిగాడు. "మీ ఆయన పేరేంది బిడ్డా? రేపు ఎవలన్న వచ్చి, ఆ పరాయి మనిషికి ఎవలున్నరని అడిగితె ఏం చెప్పాలె?"

కాంతమణి పేరు చెప్పింది. చెప్పి, వెనక్కి తిరిగి ఆ ఏడు దిబ్బల వైపు చూసింది.

"ఆ ఒక్కనికే కాదు తాతా. ఏడుగురికి ఒక మనిషి ఉన్నదని చెప్పు. రెజిమెంటల్ బజార్ల ఉంటది, టీచరమ్మ అంటె ఎవలన్న చూపిస్తరని చెప్పు."